దేవుడి గూట్లో పాస్‌పోర్టు

"కడాకు నువ్వే ఎదురొస్తివి గదమ్మా."

"ఎదురూ లేదు, ఏమీ లేదు. కాగితాలిచ్చేకి వచ్చినా. బస్సెక్కు, జనం చూస్తాండారు."

నా కూతురు జపానుకు పోయిన రోజు రాయదుర్గం బస్టాండులో మేమిద్దరం ముఖాముఖి మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. తర్వాత మాట్లాడినవన్నీ ఫోనులో. ఫోను మాటలు నేను లెక్కలోకి తీసుకోను. అందులో ఎవరైనా మంచిగానే మాట్లాడతారు.

ఆ రోజు జరిగినదాని గురించి మా ఊళ్లో ఒక కథ తిరుగుతోంది. చెప్పేది మా వదిన, అంటే చనిపోయిన నా మొగుడికి అక్క. అంగన్‌వాడీ టీచరు. ఆ కథలో ఆమె పట్టుచీర ఉంటుంది, ఆమె నిండు బిందె ఉంటుంది, ఆమె చేతి చలవ ఉంటుంది. నేను మాత్రం ఒక్కచోట, మతిమరుపు ముండగా కనిపించి పోతాను. అందుకని నా కథ నేనే చెప్పుకోవాలనుకున్నాను. చిక్కేమిటంటే నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం తప్ప వేరే చదువు లేదు. మా వీధిలో మధ్యాహ్నం పూట తీరిగ్గా దొరికే చదువుకున్న మనిషి మా వదిన ఒక్కతే. కాబట్టి ఆమె మీద ఫిర్యాదు ఆమె చేతే రాయిస్తున్నాను. నేను నోటికొచ్చినట్లు చెబుతుంటే ఆమె పుస్తకాల్లో ఉన్నట్లు దిద్ది రాస్తోంది. దిద్దుకోనీ. మాటలు దిద్దితే నష్టం లేదు, జరిగింది దిద్దకపోతే చాలు.

"ఫిర్యాదు అనే రాయల్నా?" అని ఇప్పుడే అడిగింది.

"అట్లే రాయి వదినా. నీ అక్షరాలు ముత్యాల మాదిరి ఉంటాయి, ఏం రాసినా బాగుంటాది."

నా కూతురు అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. జపాను బడుల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి మనుషులు కావాలని ఫోనులో చూసి దరఖాస్తు పెట్టింది. బెంగళూరుకు పిలిచి ఇంటర్వ్యూ చేశారు. ఎన్నుకున్నారు. అది ఇంగ్లీషు నేర్చుకున్న పద్ధతి తెలిసి ఉంటే వాళ్లు కొంచెం ఆలోచించేవాళ్లేమో. నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో దారాలు కత్తిరించే పని చేస్తాను. అక్కడ పారేసే లేబుళ్లను చిన్నప్పుడు దీనికి ఆడుకోవడానికి తెచ్చేదాన్ని. వాటిని అంటించుకుని అక్షరాలు పట్టింది. నా కూతురికి మొదట నోటికి వచ్చిన ఇంగ్లీషు పద్యాలు కాదు, నడుము ముప్పై రెండు, తిరగేసి ఉతకవలెను.

ఉద్యోగం వచ్చిన సంగతి తెలిసిన రోజు మా అరుగు మీద కూర్చోవడానికి చోటు లేకపోయింది.

"జపానోళ్లకు ఇంగ్లీషు రాదా?"

"రాకుండానే అన్ని కార్లు, అన్ని రైళ్లు చేసినారా?"

"మనకు వచ్చి మనమేం చేసినామప్పా?" అని మా వదిన మొగుడు అడిగాడు. ఆయన్ని నేను అన్నా అంటాను. రోజుకు మూడు మాటలకు మించి ఖర్చు పెట్టని మనిషి. ఆ రోజు అంత పెద్ద మాట వాడేసరికి అందరూ లేచి ఇళ్లకు పోయారు.

అందరూ పోయాక నా కూతురు షరతు పెట్టింది.

"నేను పోయేపొద్దు నువ్వే ఎదురు రావల్ల మా. లేకుంటే గడప దాటేదే లేదు."

మా దగ్గర ఎవరైనా ముఖ్యమైన పని మీద బయలుదేరితే ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలి. మొగుడు పోయినది ఎదురైతే పని చెడుతుంది. కన్నతల్లి అయినా సరే, చెడే పనికి ఆ తేడా తెలియదట. నా మొగుడు నా కూతురు ఆరో తరగతిలో ఉండగా పోయాడు. ప్రతి పనీ రేపు చూద్దాంలే అనే మనిషి, ఆ ఒక్క పనిని మాత్రం టీ గ్లాసు చేతిలో ఉండగానే ముగించేశాడు. అప్పటినుంచి బిడ్డ బయలుదేరిన ప్రతిసారీ నేను మాయమయ్యేదాన్ని. పదో తరగతి పరీక్షలకు పోయినప్పుడు గొర్రెల దొడ్డి వెనక ఉన్నాను. కాలేజీలో చేరడానికి పోయినప్పుడు స్నానాల గదిలో ఉన్నాను. దాని చదువంతా నేను తడికె సందుల్లోంచే చూశాను.

ఎవరూ నన్ను మెడపట్టి నెట్టలేదు. అది ఒప్పుకోవాలి. మా వదిన నోరు తెరవకముందే నేనే లేచి పోయేదాన్ని. అంత మర్యాదస్తురాలిని.

ఒక్కసారే తప్పింది. ఇంటర్వ్యూకు పోయే రోజు దాని దారిలో ఉండకూడదని బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయాను. అది బయలుదేరేదాకా అక్కడే ఉందామనుకున్నాను. కొళాయి రాలేదు. ఎందుకొస్తుంది. తిరిగి వస్తుంటే వీధి మలుపులో ఎదురెదురుగా తగిలాం. విధవ, చంకలో ఖాళీ బిందె. శకునం ఇంతకన్నా సర్వాంగసుందరంగా ఎక్కడైనా ఉంటుందా? ఆ లెక్కన బస్సు బోల్తా కొట్టాలి. ఉద్యోగం వచ్చింది.

అప్పటినుంచి దానికి అదొక ఆయుధం దొరికింది. "నువ్వు ఎదురొచ్చిన పొద్దే నాకు పని అయింది" అనేది.

"ఒకసారి తప్పించుకున్యావు. ఊరికే దేవుణ్ణి పరీక్ష పెట్టొద్దు" అనేదాన్ని.

పైకి అలా అనేదాన్ని గానీ, ఖాళీ బిందెతో ఎదురైన రోజు బిడ్డ తిరిగి ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. బెంగళూరు బస్సుకే అలా అయితే సముద్రాల మీద పోయే విమానానికి ఎన్ని రోజులు పస్తుండాలి?

ఇక ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. ఫోనులో పెద్ద జాబితా వచ్చింది. దాంట్లో గొడుగు ఉంది. అది పోయే ఊళ్లో ఎండాకాలం మొదట్లో నెల పొడుగునా వాన పడుతుందట.

"నెలంతానా? ఎవరి మీద కోపం?" అన్నాను.

మా ఇంట్లో గొడుగు లేదు. కొనాల్సిన అవసరం నా పెళ్లి అయినప్పటినుంచీ రాలేదు. రాయదుర్గం బజారులో ఒక దుకాణంలో పైనుంచి గొడుగు దించి దుమ్ము దులిపి ఇచ్చాడు.

"వానకు నిలుస్తాదా అన్నా?" అని నా కూతురు అడిగింది.

"ఏమోమ్మా. ఎండకు నిలుస్తాది. వానకు ఈడ ఎవరూ వాడి చూడలేదు" అన్నాడు. నిజాయితీగల మనిషి.

తర్వాత కానుకలు. ఆ బడిలో చేరిన మొదటి రోజు ప్రతి టీచరుకూ ఏదో ఒక చిన్న వస్తువు ఇవ్వాలట. పెద్దది ఇస్తే వాళ్లు ఇబ్బంది పడతారు, ఇవ్వకపోతే మనం ఇబ్బంది పడాలి. నేను బెల్లం పాకం పట్టి చెనక్కాయ ఉంటలు చేస్తానన్నాను.

"వద్దుమా. చెనక్కాయ కొంతమందికి పడదంట."

చెనక్కాయ పడని మనుషులు కూడా భూమ్మీద ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. మాకైతే అది పండకపోవడం ఒక్కటే జబ్బు.

చివరికి మా యూనిట్‌లో పారేసే జీన్సు ముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టాను. అన్నం గంటలో ఖాళీగా ఉన్న మిషను మీద కూర్చుని కుట్టాను. మూతికి తాడు, లోపల ఒక దువ్వెనో నాలుగు బిళ్లలో పట్టేంత చోటు. అవన్నీ తెచ్చి ఇంట్లో కట్టలు కడుతుంటే నా కూతురు ఒక కట్ట విప్పింది.

"నాలుగు పెట్టొద్దు మా. అయిదు పెట్టు."

"నాలుగుకేమొచ్చింది?"

"వాళ్లకు నాలుగు మంచిది కాదు. చావు గుర్తుకొస్తాదంట. కొన్ని ఆస్పత్రుల్లో నాలుగో నెంబరు రూమే ఉండదంట."

నేను కత్తెర కింద పెట్టాను.

"ఓహో. వాళ్ల నాలుగుకు భయపడతావు. మీయమ్మ మొగానికి మాత్రం భయపడొద్దంటావు."

"అది వాళ్ల ఊరి మర్యాద మా."

"ఇది మన ఊరి మర్యాద."

ఇంగ్లీషు టీచరు లేచి బయటికి నడిచింది. గొడుగు పట్టుకుని వాకిట్లో చాలాసేపు తెరిచి మూసి, తెరిచి మూసి ఆడింది. తర్వాత వచ్చి నా ముందు కూర్చుంది.

"సరే. నేను ఆడ ఒకరి చేతిలో నాలుగు పెడతా. ఏమైతాదో చూద్దాం. నువ్వు ఈడ నాకు ఎదురు రా."

"వాళ్లేం పాపం చేసినారే?"

"నువ్వేం పాపం చేసినావు?"

నేను కత్తెర తీసుకుని దారాలు కత్తిరించుకున్నాను. నా పని అదే కదా.

దాని మొదటి పాఠం తన గురించి తాను చెప్పుకోవడమేనట. ఊరి ఫోటో, అమ్మ ఫోటో పిల్లలకు చూపించాలట. నన్ను జీన్సు కుప్ప పక్కన కూర్చోబెట్టి ఫోటో తీసింది. మా వదిన అది చూసి, "ఫోటోకే గదా, ఒక స్టిక్కరు బొట్టు పెట్టుకుంటే నీ సొమ్మేం పోతాది?" అంది. జపాను పిల్లలు నా నుదురు చూసి జడుసుకుంటారని ఆమె దిగులు. అంత దూరం ఆలోచించే మనిషి.

"అత్తా, ఆ పిల్లోళ్ల అమ్మలెవరూ బొట్టు పెట్టుకోరు" అంది నా కూతురు.

"మొగుడు ఉండేటోళ్లు గూడానా?"

"ఉండేటోళ్లు గూడా."

మా వదిన ఆ దేశం మీద అప్పటిదాకా ఉంచుకున్న గౌరవం అంతటితో తీసేసింది.

వంగి దండం పెట్టడం కూడా సాధన చేసింది. అక్కడ చేతులు కలపరు, కాళ్లు మొక్కరు, నడుము దగ్గర వంగుతారు. నన్ను హెడ్మాస్టరుగా నిలబెట్టి రోజూ వంగేది. నువ్వూ వంగాలి మా, ఊరికే నిలబడకూడదు అనేది. నేనూ వంగేదాన్ని. జీవితమంతా వంగిందానికి ఇదేం కష్టం. అయితే ఎదుటి మనిషి కూడా వంగుతుందనేది మాత్రం నాకు కొత్త.

బయలుదేరే ముందు రోజు నేను "సరే, వస్తాలే ఎదురు" అన్నాను. అది నమ్మింది. ఆ మాట అన్నప్పుడు నేను కూడా నమ్మాను.

తెల్లవారి బెంగళూరు బస్సు. పాస్‌పోర్టు, వీసా, సర్టిఫికెట్లు అన్నీ ఒక నీలం ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు బ్యాగులోంచి తీసి, లోపలి గదిలో దేవుడి గూట్లో పెట్టి పసుపు కుంకుమ పెట్టాను. పూజ అయ్యాక నేనే బ్యాగులో పెడతానని దానికి చెప్పాను. దేవుడికి నా చేతి కుంకుమ పనికొస్తుంది. వీధికే నా ముఖం పనికిరాదు.

అంతలో మా వదిన వచ్చింది. తలస్నానం, పట్టుచీర, నిండు బిందె. పెళ్లికి పోయినట్లు వచ్చింది.

"అత్తా, బిందె కింద పెట్టు. మాయమ్మ వస్తాది ఎదురు" అంది నా కూతురు.

మా వదిన నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను మొండికి పడేదాన్నేమో. కోపం లేదు, నా బిడ్డ మీద జాలి ఉంది. "చెంబు తెస్తా ఉండు" అని లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

కాసేపటికి తలుపు మీద తట్టింది.

"మా. తలుపు తీ."

"టైము అవుతాంది పో పాపా."

"నువ్వు మాటిచ్చినావు."

"మీయత్త ఉండాది గదా."

"నాకు మీరు ఇద్దరూ ఒకటేనా?"

మా వదిన గొంతు వినిపించింది. "మీయమ్మకు మంచీ చెడ్డా తెలుసు పాపా. కదులు, ఆటో వచ్చింది." అరచేత్తో తలుపును ఒక్కసారి గట్టిగా కొట్టి అది పోయింది. మా వదిన బిందెతో ఎదురు వచ్చి, తర్వాత బస్సు ఎక్కించడానికి తనూ ఆటోలో కూర్చుంది. బడాయి కాదు, అంతా శాస్త్రప్రకారం జరిగింది.

ఆటో మలుపు తిరిగాక నేను ఫైలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను. అరుగు మీద అన్న బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, బండి తీ. పాప కాగితాలు ఈడే ఉండిపోయినాయి."

ఆయన ఫైలు చూశాడు. నా నుదురు చూశాడు. "తే, నేనిచ్చొస్తా" అన్నాడు.

"నువ్వు బండి తోలు, చాలు."

మోపెడ్ మీద దారి పొడుగునా ఎర్ర దుమ్ము. బస్టాండుకు చేరేసరికి కర్ణాటక బస్సు వెనక్కి తిరిగి గేటు వైపు వస్తోంది.

"ముందర ఆపల్నా, పక్కన ఆపల్నా?" అని అడిగాడు. ఆయన కూడా శకునాలు తెలిసిన ఇంటివాడే.

"ముందరే ఆపు."

తీసుకుపోయి బస్సు మూతికి అడ్డంగా ఆపాడు. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టి, "ఏనమ్మా, సాయక్కె బందియా?" అన్నాడు. చావడానికి వచ్చావా అని.

"చావుకు కాదప్పా, జపానుకు" అన్నాను.

బస్సు నిండా జనం. కిటికీల్లోంచి అందరూ చూస్తుండగా, బెంగళూరుకు పోయే అంతమందికీ ఒకేసారి ఎదురు వచ్చి నిలబడ్డాను. మా వదిన అరటిపండ్ల బండి పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కూతురు దిగి వచ్చింది. దాని కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఫైలు అందుకుని, మొదట చెప్పిన ఆ మాట అంది. మొదట చెప్పిన ఆ మాటే నేనూ అన్నాను. తర్వాత అది కాళ్లు మొక్కలేదు. నడుము దగ్గర వంగింది. నేనూ వంగాను. రాయదుర్గం బస్టాండులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

విమానం ఎక్కడా పడలేదు. బస్సు కూడా బోల్తా కొట్టలేదు. అందులో ఉన్న వాళ్లంతా ఎవరి పనికి వాళ్లు క్షేమంగా చేరే ఉంటారు. ఇన్నేళ్లుగా ఊరు ఊరంతా నాకు లేని గొప్పతనం అంటగట్టిందని తేలింది. నా ముఖానికి నిజంగా అంత శక్తి ఉంటే ప్రభుత్వం నన్ను దారాలు కత్తిరించనిచ్చేదా, సరిహద్దులో శత్రువులకు ఎదురు నిలబెట్టేది. అయినా అది చేరానని ఫోను చేసేదాకా నేను నీళ్లే తాగాను. బుద్ధి ఒకటి చెబుతుంది, కడుపు ఇంకొకటి చెబుతుంది.

మొన్న మళ్లీ ఫోను చేసింది. అక్కడ వాన పడుతోందట. గొడుగు మొదటి రోజే తిరగబడిందట. పిల్లలు నా ఫోటో చూసి, మీ అమ్మ ఒక్కతే అన్ని ప్యాంట్లూ కుట్టిందా అని అడిగారట. అవునని చెప్పిందట. టీచరు ఉద్యోగంలో చేరగానే అబద్ధాలు మొదలు.

"నాలుగు సంచులు, ఇంగ్లీషు చెప్పే ఒక పెద్దాయన చేతిలో పెట్టినా మా" అంది.

"ఏమాయె?"

"వంగి తీసుకున్యాడు. మూడు ఉంచుకోని, ఒకటి పక్క టేబులామెకు ఇచ్చినాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు మధ్యలో అది ఉన్నట్టుండి, "నిజం చెప్పు మా. ఆ పొద్దు ఫైలు మర్చిపోయినావా?" అని అడిగింది.

"సిగ్నలు లేదు, వినపడ్ల్యా" అని పెట్టేశాను.

నేను మర్చిపోయానని మా వదిన ఊరంతా చెబుతోంది. నేను కూడా కాదనలేదు. ఈ కాగితాలు ఫోటో తీసి పంపితే నా కూతురు చదువుకుంటుంది కాబట్టి ఇందులో చెబుతున్నాను. వదినా, ఇక్కడ దిద్దకుండా రాయి.

గడియ పెట్టి వెనక్కి తిరగగానే ఫైలు కనిపించింది. నా బిడ్డ తలుపు తడుతున్నప్పుడు అది నా కళ్ల ముందే ఉంది. కిటికీలోంచి కేక వేస్తే, వదినా, నువ్వే వచ్చి అందుకునేదానివి, నిండు బిందెతో పాటు అది కూడా నీ చేతి మీదుగానే పోయేది. అందుకే కేక వేయలేదు. తలుపు తీసి ఎదురు రావడానికి భయం. ఎప్పటికీ రాకుండా ఉండిపోతానేమోనని అంతకన్నా భయం. ఆటో చప్పుడు మలుపు దాటేదాకా ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇక నేను తప్ప ఎవరూ ఇవ్వలేరు అనేంత దూరం పోయాకే గడియ తీశాను. ఒకవేళ బస్సు దాటిపోయి ఉంటే దాని ఉద్యోగం పోయేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

పెన్ను ఆపినావేం వదినా? నన్ను అట్ల చూడొద్దు, ఆ చూపు ఒకసారి చూసినా, చాలు. రాసినావా? అంతా రాసినావా? అయితే మొదటినుంచి ఒకసారి పైకి చదువు, నేను వింటా. యాడన్నా "మర్చిపోయింది" అని రాసి ఉంటే ఆడ ఆపు, కొట్టేద్దాం.